ఉత్తర హిమతీరాల చరిత్ర: తిమింగల వేట నుంచి ‘హిమాద్రి’ వరకు



మన చరిత్ర పుస్తకాలలో ఉత్తర దిక్కు హిమాలయాల దగ్గర ఆగిపోతుంది. అంతకు ఆవల మధ్య ఆసియా వరకు ఎప్పుడైనా వెళతాం గాని, ఇంకా పైకి, పటం పైఅంచున తెల్లరంగు వేసి వదిలేసిన చోటికి మన చూపు వెళ్ళదు. అక్కడ మంచు తప్ప మనుషులు లేరనీ, మనుషులు లేనిచోట చరిత్ర ఉండదనీ అనుకుంటాం. ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావు. ఆ తీరాలలో వేల ఏళ్ళుగా మనుషులు బతికారు. వేటకు, వ్యాపారానికి, ఆధిపత్యానికి అక్కడ పోటీలు జరిగాయి. 2008 నుంచి అక్కడ మన దేశపు పరిశోధనా కేంద్రం కూడా ఉంది. భారతదేశం అక్కడికి ఎలా చేరింది, ఏ హక్కుతో చేరింది, ఆ పరిశోధన మనకు ఎందుకు అవసరం అన్నవి ఈ పాఠంలో మనం తెలుసుకోవలసిన విషయాలు.

తీరాన తొలి మనుషులు

ఉత్తర సైబీరియాలో యానా నది సముద్రంలో కలిసే ప్రాంతానికి దగ్గరలో పురావస్తు శాస్త్రజ్ఞులు ఒక పాత నివాస స్థలాన్ని కనుగొన్నారు. అది దాదాపు 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అక్కడ దొరికిన రాతి పనిముట్లు, ఖడ్గమృగం కొమ్ముతోను మామత్ ఏనుగు దంతంతోను చేసిన ఈటె భాగాలు సుమారు 30 వేల ఏళ్ళనాటివని తేలింది. అంటే మంచుయుగం ఇంకా ముగియక ముందే మనిషి ఆర్కిటిక్‌లో నివసించాడన్నమాట.

ఆ తరువాత అనేక జాతులు ఈ తీరాలను తమ ఇల్లుగా చేసుకున్నాయి. స్కాండినేవియా ఉత్తరభాగంలో సామీలు, రష్యా ఉత్తర తీరాన నేనెట్స్, చుక్చీ జాతులవారు, అలాస్కా నుంచి గ్రీన్‌లాండ్ వరకు ఇన్యుయిట్‌లు ఉన్నారు. ఇన్యుయిట్‌ల పూర్వీకులైన థూలే సంస్కృతివారు సుమారు వెయ్యేళ్ళ క్రితం అలాస్కా నుంచి తూర్పుగా కదిలి గ్రీన్‌లాండ్ చేరారు. చర్మంతో కప్పిన పడవ, కుక్కలు లాగే బండి, తిమింగలం ఒంట్లో దిగాక అడ్డం తిరిగి ఊడిరాని బల్లెం వారి ప్రధాన సాధనాలు. కలప దొరకని చోట ఎముకనూ, మంట వేయడానికి పుల్ల దొరకని చోట సీల్ కొవ్వునూ వాడుకున్నారు.

గ్రీన్‌లాండ్‌లోనే మరో ప్రయోగం కూడా జరిగింది. క్రీ.శ. 985 ప్రాంతంలో ఎరిక్ ద రెడ్ నాయకత్వాన నార్స్ జాతివారు అక్కడ స్థిరపడి, తమ అలవాటు ప్రకారం పశువులను పెంచుతూ చర్చిలు కట్టుకున్నారు. 15వ శతాబ్దం నాటికి ఆ గ్రామాలన్నీ ఖాళీ అయిపోయాయి. చలి పెరగడం, ఐరోపాతో వ్యాపారం తగ్గడం వంటి పలు కారణాలను చరిత్రకారులు చెబుతారు. అదే నేలమీద ఇన్యుయిట్‌లు మాత్రం నిలిచారు. ఆ నేలకు తగిన జీవన విధానం వారి చేతిలో ఉండడం ఈ తేడాకు ఒక ముఖ్య కారణం.

ఏది సాక్ష్యం? ఏది ఊహ?

ఉత్తర ప్రాంతాల చరిత్ర చదివేవారికి సాక్ష్యాన్ని తూచడం చాలా అవసరం. ఇందుకు రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది ఇంగ్లండుకు సంబంధించింది. 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో 129 మంది ‘ఎరెబస్’, ‘టెర్రర్’ అనే రెండు ఓడలతో కెనడా ఉత్తరాన ఉన్న సముద్రమార్గాన్ని వెతుకుతూ మాయమయ్యారు. 1854లో జాన్ రే అనే అన్వేషకుడు ఇన్యుయిట్‌లను అడిగి, ఆ నావికులు ఆకలితో మరణించారనీ, చివరికి తోటివారి శవాలను తిన్నారనీ తెలుసుకుని చెప్పాడు. లండన్ పెద్దమనుషులు ఆగ్రహించారు. ప్రఖ్యాత నవలాకారుడు చార్లెస్ డికెన్స్ సైతం ‘అనాగరికుల మాట’ నమ్మరాదని వాదించాడు. కాని తరువాత దొరికిన ఎముకలమీద కత్తిగాట్లు కనిపించాయి. ఎరెబస్ 2014లో, టెర్రర్ 2016లో సముద్రగర్భంలో దొరికాయి. ఎరెబస్ మునిగిన ప్రాంతాన్ని ఇన్యుయిట్‌లు తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. వ్రాతలో లేని జ్ఞాపకం కూడా పరీక్షకు నిలబడితే సాక్ష్యమే అవుతుంది.

రెండవది మనది. లోకమాన్య బాలగంగాధర తిలక్ 1903లో ‘ది ఆర్కిటిక్ హోమ్ ఇన్ ది వేదాస్’ అనే గ్రంథాన్ని ప్రకటించారు. వేదాలలోని దీర్ఘమైన ఉషస్సులు, ఆరునెలల పగలు, ఆరునెలల రాత్రి వంటి వర్ణనలు ధ్రువప్రాంతపు అనుభవాలేనని, ఆర్యుల తొలి నివాసం అదేనని వాదించారు. తిలక్ పాండిత్యం, పరిశ్రమ గొప్పవి. అయితే ఆ వాదానికి అవసరమైన పురావస్తు ఆధారాలు దొరకలేదు. ఈనాటి చరిత్రకారులు దానిని అంగీకరించరు. చెప్పిన వ్యక్తి గొప్పతనాన్ని బట్టి ఒక మాట చరిత్ర కాదు, చిన్నతనాన్ని బట్టి అబద్ధమూ కాదు. ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టుకుంటే ఈ సూత్రం స్పష్టమవుతుంది.

తిమింగలం నూనె, నేలబొగ్గు

ఇక మన కథకు కేంద్రమైన చోటికి వద్దాం. నార్వే ప్రధాన భూభాగానికీ ఉత్తర ధ్రువానికీ ఇంచుమించు మధ్యలో స్వాల్‌బార్డ్ అనే ద్వీపసమూహం ఉంది. 74 నుంచి 81 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య విస్తరించింది. సగానికి పైగా నేల హిమానీనదాల కింద ఉంటుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం పడమటి తీరాన్ని తాకుతుంది కాబట్టి, అంత ఉత్తరాన ఉన్నా అక్కడికి ఓడలు చేరగలవు. ఇక్కడ స్థానిక జాతి ఏదీ ఉన్నట్టు రుజువు లేదు. అందువల్ల ఇక్కడి మానవ చరిత్ర బయటినుంచి వచ్చినవారి చరిత్ర.

1596లో డచ్చి నావికుడు విలెమ్ బారెంట్స్ ఈ దీవులను చూసి, వాడి శిఖరాలను బట్టి ‘స్పిట్స్‌బెర్గెన్’ అని పేరు పెట్టాడు. కొద్ది ఏళ్ళలోనే తిమింగల వేటగాళ్ళు దిగారు. తిమింగలం కొవ్వు కాచితే వచ్చే నూనెతో ఐరోపా నగరాలలో దీపాలు వెలిగాయి, సబ్బులు తయారయ్యాయి. డచ్చివారు ఒక దీవిలో కొవ్వు కాచే స్థావరం కట్టి దానికి ‘కొవ్వు పట్నం’ అని అర్థం వచ్చేలా స్మీరెన్‌బుర్గ్ అని పేరు పెట్టారు. తీరం దగ్గర తిమింగలాలు తగ్గిపోవడంతో ఆ స్థావరం మూతపడింది. వేట సముద్రంలోకి సాగి, రెండు శతాబ్దాలలో ఆ జాతి తిమింగలం అక్కడ దాదాపు అంతరించింది.

1980లో డచ్చి పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ వేటగాళ్ళ సమాధులను తవ్వారు. గడ్డకట్టిన నేలలో వారి ఉన్ని టోపీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్కో టోపీ అల్లిక, చారలు ఒక్కో రకం. చలికి ముఖమంతా కప్పుకున్నప్పుడు ఎవరు ఎవరో టోపీని బట్టే గుర్తుపట్టేవారని పరిశోధకుల అభిప్రాయం. లాభాలు లెక్కపెట్టిన వర్తకుల పేర్లు కాగితాలలో మిగిలాయి. పనిచేసి చనిపోయినవారి గుర్తుగా ఈ టోపీలు మిగిలాయి.

తిమింగలం తరువాత వాల్రస్, ధ్రువపు ఎలుగుబంటి, నక్కల వేట. ఆ తరువాత నేలబొగ్గు. 1906లో అమెరికా పారిశ్రామికవేత్త జాన్ మన్రో లాంగ్‌ఇయర్ కంపెనీ గని తెరిచింది. ఆయన పేరు మీద వెలసిన లాంగ్‌ఇయర్‌బియెన్ ఇప్పుడు ఆ దీవుల ముఖ్య పట్టణం.

పారిస్‌లో ఒక సంతకం

బొగ్గు దొరికాక ఈ నేల ఎవరిది అన్న ప్రశ్న వచ్చింది. అప్పటివరకు అది ఎవరి రాజ్యమూ కాదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో ఒక ఒప్పందం కుదిరింది. 1925 ఆగస్టు 14న అమలులోకి వచ్చింది. దాని సారాంశం మూడు మాటల్లో చెప్పవచ్చు. స్వాల్‌బార్డ్‌పై సార్వభౌమాధికారం నార్వేది. వేట, చేపల పట్టుబడి, గనులు, వ్యాపారం విషయంలో సంతకం చేసిన దేశాల ప్రజలందరికీ సమాన అవకాశం. అక్కడ నౌకా స్థావరాలు గాని కోటలు గాని కట్టరాదు, ఆ నేలను యుద్ధ ప్రయోజనాలకు వాడరాదు.

తొలి సంతకాలలో భారతదేశం పేరు కూడా ఉంది. అప్పటికి మనకు స్వాతంత్ర్యం లేదు. పారిస్‌లోని బ్రిటిష్ రాయబారి ఎర్ల్ ఆఫ్ డెర్బీ బ్రిటన్ తరఫున, భారతదేశం తరఫున కూడా తానే సంతకం పెట్టాడు. అంతకు ముందు ఏడాది వెర్సేల్స్ సంధి మీద మాంటేగుతో పాటు బికనీర్ మహారాజు గంగాసింగ్ సంతకమైనా ఉంది. ఈ ఒప్పందంలో ఒక్క భారతీయుడి చేతివ్రాత కూడా లేదు.

ఢిల్లీలో ముఖర్జీ నగర్ పరిసరాల్లో ఉంటూ పోటీపరీక్షలకు చదువుతున్న తెలుగు విద్యార్థులు ఈ విషయాన్ని మరింత సులభంగా గుర్తుంచుకోవచ్చు. అక్కడికి కొద్ది దూరంలోనే కారొనేషన్ పార్కు ఉంది. 1911 డిసెంబరు 12న దర్బారు జరిగి, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ఐదవ జార్జి ప్రకటించిన స్థలం అది. ఆయన విగ్రహం ఇండియా గేటు దగ్గరి నుంచి తొలగించాక ఇప్పుడు ఆ పార్కులోనే ఉంది. పారిస్ ఒప్పందంలో భారతదేశం చేరింది ఆ ‘భారత చక్రవర్తి’ పేరుమీదనే. మనల్ని అడగకుండా పెట్టిన సంతకం వల్లనే, స్వతంత్ర భారతదేశానికి ధ్రువపు అంచున ఒక హక్కు వారసత్వంగా వచ్చింది. వలసపాలన మిగిల్చిన వాటిలో రైలు పట్టాలు, న్యాయస్థానాలు అందరికీ తెలుసు. ఈ హక్కు సంగతి తెలిసినవారు తక్కువ. అది ఎనిమిది దశాబ్దాలకు పైగా కాగితం మీదనే ఉండిపోయింది.

గని గ్రామం నుంచి శాస్త్ర గ్రామానికి

19వ శతాబ్దంలో ధ్రువయాత్రలు ఎక్కువగా జెండాల పోటీలు. ఎవరు ఎంత ఉత్తరానికి వెళ్ళారన్నదే గొప్ప. ఆస్ట్రియా నౌకాదళాధికారి కార్ల్ వేప్రెక్ట్ ఈ ధోరణిని విమర్శించాడు. ఒక దేశం ఒకచోట ఒకసారి కొలిచిన కొలతలతో ప్రయోజనం లేదు, అనేక దేశాలు ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో వాతావరణాన్నీ అయస్కాంత క్షేత్రాన్నీ కొలవాలన్నాడు. ఆయన 1881లో మరణించాడు. ఆయన ఆలోచన 1882-83లో తొలి అంతర్జాతీయ ధ్రువ సంవత్సరంగా కార్యరూపం దాల్చింది. అందులో ప్రాణనష్టమూ జరిగింది. కెనడా ఉత్తరాన గ్రీలీ నాయకత్వంలోని 25 మంది అమెరికన్లలో చివరకు బతికినవారు ఆరుగురే. 1932-33లో రెండవ ధ్రువ సంవత్సరం, 1957-58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం ఈ మార్గంలోనే జరిగాయి.

స్వాల్‌బార్డ్‌లోని న్యూ ఒలెసున్ గ్రామ చరిత్ర ఈ మార్పుకు మంచి ఉదాహరణ. ఇది మొదట బొగ్గు గనుల ఊరు. 1926 మే నెలలో అముండ్సెన్, ఎల్స్‌వర్త్, నోబిలేలు ‘నోర్గే’ అనే గాలిఓడలో ఇక్కడినుంచే బయలుదేరి ఉత్తర ధ్రువం మీదుగా అలాస్కా చేరారు. ఆ గాలిఓడను కట్టిన ఇనుప స్తంభం నేటికీ నిలిచి ఉంది. 1962 నవంబరులో గనిలో పేలుడు జరిగి 21 మంది కార్మికులు మరణించారు. ఆ దుర్ఘటనపై విచారణ, పార్లమెంటులో చర్చ జరిగి 1963లో నార్వే ప్రభుత్వమే పడిపోయింది. గని మూతపడింది. ఖాళీ అయిన ఊరికి క్రమంగా శాస్త్రజ్ఞులు వచ్చారు. బొగ్గు తవ్విన ఊరిలో ఇప్పుడు పది దేశాల దాకా పరిశోధనలు జరుపుతున్నాయి.

హిమాద్రి

నాలుగవ ధ్రువ సంవత్సరం 2007-08లో జరిగింది. ఆ సందర్భంలోనే 2007 ఆగస్టులో భారతదేశపు తొలి ఆర్కిటిక్ యాత్రాబృందం న్యూ ఒలెసున్ చేరింది. గోవాలోని జాతీయ అంటార్కిటిక్, సముద్ర పరిశోధనా కేంద్రం సంచాలకులు రసిక్ రవీంద్ర దానికి నాయకులు. 2008 జూలై 1న ‘హిమాద్రి’ పరిశోధనా కేంద్రాన్ని అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ప్రారంభించారు. ఇది ఉత్తర ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. గోవా కేంద్రం పేరు 2018లో జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధనా కేంద్రంగా మారింది.

అక్కడ చేసే పనులు ముఖ్యంగా నాలుగు: సముద్రపు నీటి పరిశీలన, హిమానీనదాల కొలత, గాలిలోని ధూళికణాల పరిశీలన, సూక్ష్మజీవుల అధ్యయనం. న్యూ ఒలెసున్ ఉన్న కోంగ్స్‌ఫియర్డ్ అనే సన్నని సముద్రపాయలో అట్లాంటిక్ వెచ్చని ఉప్పునీరు, హిమానీనదాలు కరిగిన చల్లని మంచినీరు కలుస్తాయి. ఏ నీరు ఎంత ఉందో ఏళ్ళ తరబడి కొలిస్తే వాతావరణ మార్పు వేగం తెలుస్తుంది. ఇందుకోసం 2014 జూలైలో మన శాస్త్రజ్ఞులు ‘ఇండార్క్’ అనే పరికరాల వ్యవస్థను 192 మీటర్ల లోతున అమర్చారు. మనుషులు లేని చీకటి నెలల్లో కూడా అది ఉష్ణోగ్రత, లవణీయత, ప్రవాహ వేగం నమోదు చేయగలదు.

చాలాకాలం మన బృందాలు శీతాకాలంలో అక్కడ ఉండేవి కావు. అక్టోబరు చివరినుంచి ఫిబ్రవరి మధ్యవరకు అక్కడ సూర్యుడు ఉదయించడు. 2023 డిసెంబరులో తొలి భారతీయ శీతాకాల యాత్ర బయలుదేరడంతో ఆ లోటు తీరింది. అంతకుముందు 2013లో భారతదేశం ఆర్కిటిక్ మండలిలో పరిశీలక హోదా పొందింది. 2022 మార్చిలో మన ప్రభుత్వం ఆర్కిటిక్ విధానాన్ని ప్రకటించింది.

హైదరాబాదు, పటాన్‌చెరుల భాగం

ఈ కృషిలో తెలుగునాట ఉన్న సంస్థల పాత్ర గమనించదగింది. హైదరాబాదులోని సీసీఎంబీలో డాక్టర్ ఎస్. శివాజీ బృందం చలిలో బతికే బ్యాక్టీరియాపై దీర్ఘకాలం పరిశోధన చేసింది. కోంగ్స్‌ఫియర్డ్, న్యూ ఒలెసున్‌ల నుంచి తెచ్చిన నమూనాలలోని బ్యాక్టీరియా గురించి 2009లో వారి పరిశోధనా పత్రం వెలువడింది. చల్లని నీటిలో కూడా కొవ్వును, పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు వాటిలో ఉన్నాయా అని పరీక్షించారు. అటువంటి ఎంజైములు వేడినీరు అవసరంలేని బట్టల సబ్బుపొడి వంటి వాటికి పనికివస్తాయి. 2013లో ఇదే బృందం ఆర్కిటిక్ మట్టినుంచి ఒక కొత్త ప్రజాతిని గుర్తించి ‘ఆర్క్టిసిబాక్టర్ స్వాల్‌బార్డెన్సిస్’ అని నామకరణం చేసింది. బారెంట్స్ శిఖరాలను చూసి దీవికి పేరు పెట్టిన నాలుగు వందల ఏళ్ళకు, హైదరాబాదు శాస్త్రజ్ఞులు అక్కడి మట్టిలోని కంటికి కనిపించని జీవికి పేరు పెట్టారు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంగతి మన రైతుకు ఇంకా దగ్గరిది. లాంగ్‌ఇయర్‌బియెన్ దగ్గర కొండను తొలిచి నిర్మించిన ప్రపంచ విత్తన భాండాగారం 2008 ఫిబ్రవరి 26న ప్రారంభమైంది. అక్కడ మైనస్ 18 డిగ్రీల చలిలో ప్రపంచ దేశాల విత్తనాలు దాచారు. ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలైన పంటల విత్తన నమూనాలు లక్షకు పైగా అందులో ఉన్నాయి. దాచిన విత్తనాలపై హక్కు దాచినవారిదే. యుద్ధం వల్ల సిరియాలోని తమ విత్తన నిధి అందకుండా పోయినప్పుడు ఇకార్డా సంస్థ 2015లో ఇక్కడినుంచే విత్తనాలు వెనక్కి తీసుకుని మళ్ళీ సాగుచేసింది. అయితే ఈ భాండాగారానికీ వాతావరణపు వేడి తగిలింది. కరిగిన నీరు ప్రవేశ సొరంగంలోకి చేరినట్టు 2017లో వార్తలు వచ్చాయి. విత్తనాలకు హాని జరగలేదు గాని, నార్వే ప్రభుత్వం ఆ సొరంగాన్ని తిరిగి పటిష్ఠం చేయవలసి వచ్చింది.

మనకు ఎందుకు?

‘అంత దూరపు మంచుతో మనకేం పని?’ అని ఎవరైనా అడగవచ్చు. 1979 నుంచి ఉపగ్రహాలు ఆర్కిటిక్ సముద్రపు మంచును కొలుస్తున్నాయి. 2012 సెప్టెంబరులో అది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గి అత్యల్ప స్థాయి నమోదైంది. 1979 తరువాత ఆర్కిటిక్ ప్రపంచ సగటుకంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. తెల్లని మంచు సూర్యకాంతిని తిప్పికొడుతుంది. మంచు పోయి నల్లని నీరు బయటపడితే అది వేడిని పీల్చుకుంటుంది. దాంతో ఇంకా మంచు కరుగుతుంది.

ఇక్కడ విద్యార్థులు తరచు తికమకపడే విషయం ఒకటుంది. సముద్రంపై తేలే మంచు కరిగినందువల్ల సముద్రమట్టం చెప్పుకోదగినంతగా పెరగదు. గ్లాసులోని ఐసుముక్క కరిగినా నీరు పొంగిపొరలనట్లే ఇదీను. నేలమీద పేరుకున్న గ్రీన్‌లాండ్ మంచు కరిగితేనే పెరుగుతుంది. అదంతా కరిగితే సముద్రం సుమారు 7 మీటర్లు లేస్తుంది. అందుకు చాలా కాలం పడుతుంది గాని, 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం ఇప్పటికే 20 సెంటీమీటర్ల మేర పెరిగింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో సుమారు పదివేల మందిని బలిగొన్నది. ఉప్పెన ఎప్పుడు వచ్చినా అది అప్పటి సముద్రమట్టం మీదినుంచే లేస్తుంది. ఆధారమట్టం కొద్దిగా ఎత్తైనా లంకల్లోకి నీరు మరింత లోపలికి వస్తుంది.

వర్షాల సంగతి ఇంకా పరిశోధనలో ఉంది. రష్యా ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, సెప్టెంబరులో మధ్యభారతంలో కురిసే అతివృష్టికీ సంబంధం ఉండవచ్చని 2021లో గోవా కేంద్రం శాస్త్రజ్ఞులు ఒక అధ్యయనంలో సూచించారు. ‘ఉండవచ్చు’ అన్న మాటను గమనించండి. తిలక్ వాదాన్ని పరీక్షించినట్టే దీనినీ పరీక్షించాలి. అందుకు ఏళ్ళ తరబడి కొలతలు కావాలి, కొలిచేవారు అక్కడ ఉండాలి.

ముగింపు

ఉత్తర తీరాల ఆధునిక చరిత్రలో ఒక క్రమం కనిపిస్తుంది. తిమింగలం కోసం వచ్చినవారు తిమింగలం అయిపోగానే వెళ్ళిపోయారు. బొగ్గు కోసం వచ్చినవారు గని మూతపడగానే వెళ్ళిపోయారు. మంచు కరిగేకొద్దీ ఓడల మార్గాలు, చమురు, ఖనిజాల కోసం మళ్ళీ పోటీ మొదలైంది. శాస్త్రపరిశోధన కూడా ఈ పోటీకి పూర్తిగా అతీతం కాదు. పరిశోధనా కేంద్రం ఒక దేశం ఉనికికి గుర్తు కూడా. అందుకే ఆ తీరాల సొంత బిడ్డలైన ఇన్యుయిట్, సామీ వంటి జాతుల మాట ఈ నిర్ణయాలలో ఎంతవరకు వినబడుతున్నదని అడగవలసి ఉంటుంది. తన పేరున ఇతరులు సంతకం చేసిన అనుభవం ఉన్న దేశం మనది. ఆ అనుభవాన్ని మరచిపోకుండా ఉంటే, పారిస్‌లో మనకు దక్కిన హక్కును ఆ తీరంలో ఎలా వాడుకోవాలో మనకు తెలుస్తుంది.

ఆలోచించండి

1. గ్రీన్‌లాండ్‌లో నార్స్ జాతివారు నిలవలేకపోవడానికీ, ఇన్యుయిట్‌లు నిలవడానికీ గల కారణాలను పోల్చండి.
2. మౌఖిక సాక్ష్యాన్ని చరిత్రకారుడు ఎలా పరీక్షించాలి? ఫ్రాంక్లిన్ యాత్ర ఆధారంగా వివరించండి.
3. 1920 స్వాల్‌బార్డ్ ఒప్పందంలోని ముఖ్యాంశాలు ఏవి? అందులో భారతదేశం ఎలా భాగస్వామి అయింది?
4. ఆర్కిటిక్ పరిశోధన ఆంధ్ర తీరానికి, తెలంగాణ రైతుకు ఏ విధంగా ఉపయోగపడుతుంది?